పోయిన వలల పుస్తకం
(మండల సమాఖ్య మహాజన సభలో తీర గ్రామానికి చెందిన ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. పొదుపు లెక్కలు చెప్పమంటే చెప్తాను గానీ మైకు ముందు నిలబడితే కాళ్ళు వణుకుతాయి. అందుకని చెప్పాల్సింది కాగితం మీద రాసుకొచ్చాను. మధ్యలో కాగితం వదిలేసి మా ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడేస్తే ఏమీ అనుకోకండి.

సముద్రంలో పోయిన వలల్ని మా ఊరి సంఘాలు ఎలా తీయిస్తున్నాయో చెప్పమన్నారు. ఇక్కడ సగం మంది మెట్ట ఊళ్ళ వాళ్ళు. జీడి తోటలు, మామిడి తోటలు, పాడి గేదెలు ఉన్నవాళ్ళు. సముద్రం సంగతి మాకెందుకు అనుకుంటారేమో. మా ఊళ్ళో ఒక వల పోతే ఒక సంఘంలో కంతు ఆగుతుంది. ఆ సంఘంలో ఆగితే గ్రామ సంఘం గ్రేడు పడుతుంది. గ్రేడు పడితే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గేదె చచ్చిపోయిన ఇంటికీ వల పోయిన ఇంటికీ తేడా లేదు. ఒక్కటే తేడా. గేదె చచ్చిపోతే ఊరంతా చూస్తుంది. వల పోతే ఎవరికీ కనపడదు.

ముందు వల సంగతి చెప్తాను. మా అమ్మమ్మ రోజుల్లో నూలు వలలే. పాడవకుండా చెట్టు బెరడు ఉడికించిన నీళ్ళలో ముంచి ఆరబెట్టేవారట. ఎంత జాగ్రత్త చేసినా కొంతకాలానికి చివికిపోయేవి. సముద్రంలో పోతే సముద్రమే తినేసేది. తర్వాత నైలాన్ వచ్చింది. తేలిక, గట్టి, కుళ్ళదు. కుళ్ళదనే కదా అందరూ కొన్నారు. ఇప్పుడు నీళ్ళలో పోయినా అది కుళ్ళదు. మన మనవల కాలానికి కూడా అక్కడే ఉంటుంది.

మా ఊళ్ళో ఎక్కువగా వాడేది నీళ్ళలో గోడలా నిలబడే వల. పైన బెండ్లు ఉంటాయి, కింద సీసం గుళ్ళు ఉంటాయి. చేప తల దూర్చిందంటే మొప్పల దగ్గర బిగుసుకుంటుంది. ముందుకు పోలేదు, వెనక్కి రాలేదు. అలాంటి వల తెగిపోయి సముద్రంలో ఉండిపోయిందనుకోండి. దాన్ని లాగేవాడు లేడు గానీ వేట మాత్రం ఆగదు. పడ్డ చేప చచ్చిపోతుంది. ఆ వాసనకి పీతలు వస్తాయి, అవీ చిక్కుకుంటాయి. వాటిని తినడానికి పెద్ద చేపలు వస్తాయి. బరువెక్కి వల అడుక్కి దిగిపోతుంది. అక్కడ కుళ్ళేవి కుళ్ళి, తినేవి తినేశాక బరువు తగ్గితే, బెండ్లు మళ్ళీ పైకి లాగుతాయి. మళ్ళీ మొదలు. రాళ్ళకి పట్టుకుందంటే ఇక ఆ రాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి అదే పని. మత్స్యశాఖ నుంచి వచ్చిన మేడమ్ దీన్ని ఇంగ్లీషులో ఘోస్ట్ నెట్ అంటారని చెప్పారు. దెయ్యం వల అన్నమాట. మా వాళ్ళందరూ నవ్వారు. మా అత్త మాత్రం నవ్వలేదు. "దెయ్యానికైనా ఆకలి తీరుతాది, దీనికి తీరదు" అంది.

తాబేళ్ళ సంగతి కూడా చెప్పాలి. జనవరి నుంచి మార్చి వరకు మా ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వీటిని చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద జైలే. తాబేలు నీళ్ళలో ఉండేదే అయినా ఊపిరి పైకొచ్చి తీసుకోవాలి. వలలో చిక్కుకుంటే మనలాగే మునిగి చస్తుంది. 2018 ఆగస్టులో మెక్సికో దేశంలో ఒయాహాకా తీరం దగ్గర ఒకే ఒక్క పోయిన వలలో దాదాపు 300 తాబేళ్ళు చచ్చి కనపడ్డాయి. అవి కూడా మన ఒడ్డుకొచ్చే జాతివే. మన ఒడ్డున చచ్చి పడేవన్నీ పోయిన వలల వల్లే అని నేను అనను. వేటలో ఉన్న వలల్లో పడి చచ్చేవీ ఉన్నాయి. అది ఇంకో రోజు మాట్లాడుకోవాల్సిన సంగతి.

వలలు ఎందుకు పోతాయి అంటే మా మగవాళ్ళందరిదీ ఒకటే జవాబు. పెద్ద బోట్లు తెంపేశాయి అంటారు. అది కొంత నిజమే. రాత్రిపూట వల వేసి ఉంటే పెద్ద మర పడవ దాని మీదుగా పోతుంది, ట్రాలు వల దీన్ని ఈడ్చుకుపోతుంది. కానీ తుపాను గాలికి పోయేవి ఉన్నాయి. అడుగున రాళ్ళకి పట్టుకుని తెగేవి ఉన్నాయి. ఇంకోటుంది, అది మేము ఒప్పుకోము. బోటు మీదే చిరిగిన వల బాగు చేసుకుంటూ, పనికిరాని ముక్కలు కోసి నీళ్ళలోకి విసిరేస్తారు. మేము తీసిన వలల్లో ట్రాలు వలల పచ్చ ముక్కలు ఉన్నాయి, లేవనను. కానీ సన్న నైలాన్ వలే ఎక్కువ. అంటే మాదే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను, ఎందుకంటే తప్పు నాది.

మా సంఘంలో పది మందిమి. ఏడుగురు వేట ఇళ్ళ వాళ్ళు. బ్యాంకు లింకేజీ డబ్బు వచ్చినప్పుడు ముగ్గురు వలల కోసమే తీసుకున్నారు. వల అంటే ఒకటి కాదండి. ముక్కలు ముక్కలుగా కొని, వరసగా కలిపి కుట్టుకుంటారు. తాళ్ళు, బెండ్లు, గుళ్ళు, కూలీ అన్నీ కలిపితే ఒక ఇంటికి డెబ్భై ఎనభై వేలు అయిపోతుంది. అప్పు పుస్తకంలో "వల కొనుగోలు" అని నేనే రాశాను, నేనే సంతకం పెట్టాను.

నేను లీడరయ్యాక ఒక నియమం పెట్టాను. వరసగా రెండు కంతులు ఆపితే తర్వాతి అప్పు లేదు, మీటింగులో పేరు చదువుతాను అని. సంఘం ఏ గ్రేడులో ఉండాలని నా పట్టుదల. ఉండింది కూడా. చాలా మెచ్చుకున్నారు. ఇదే వేదిక మీద నాకు శాలువా కప్పారు.

ఆ ఏడాది దసరా దాటాక గాలులు ఎక్కువయ్యాయి. తర్వాత మా సంఘంలో ఒక సభ్యురాలు కంతు ఆపింది. రెండో నెల కూడా ఆపింది. ఆమె పేరు చెప్పను. ఇక్కడే కూర్చుని ఉంది. "పేరు సెప్పకు, సంగతి సెప్పు" అని తనే అంది. అందుకే చెప్తున్నాను. ఎందుకు కట్టలేదు అని అడిగితే "వేట లేదు" అంది. మా ఇంటాయన వేటకి పోతున్నాడు, మిగతా వాళ్ళు పోతున్నారు, మీకేంటి వేట లేకపోవడం అన్నాను. అందరి ముందు పేరు చదివాను. ఆమె తల దించుకుని చెవి కమ్మలు తాకట్టు పెట్టి మూడో నెల కంతు కట్టింది. నేను గెలిచాననుకున్నాను.

సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు మా బోటు సాయంత్రానికి రాలేదు. బోటులో మా ఇంటాయన, మా మరిది, ఇంకో ఇద్దరు. ఫోను అందడం లేదు. రాత్రి పదైంది, పన్నెండైంది. ఒడ్డున లైట్లు పట్టుకుని నిలబడ్డాం. మీలో వేట ఇళ్ళ వాళ్ళకి ఆ రాత్రి ఎలా ఉంటుందో తెలుసు. మిగతా వాళ్ళకి చెప్పినా తెలియదు. తెల్లారి ఆరింటికి పక్క ఊరి బోటు మా బోటుని తాడు కట్టి లాక్కొచ్చింది.

జరిగిందేంటంటే, తిరిగొస్తుండగా ఇంజను ఫ్యానుకి ఒక పాత వల చుట్టుకుంది. ఇంజను ఆగిపోయింది. చీకటి పడుతోంది, బోటు కొట్టుకుపోతోంది. మా మరిది కత్తి పట్టుకుని దిగాడు. ఫ్యాను దగ్గర వల కోస్తుంటే మిగతా వల కాలికి చుట్టుకుంది. అల వచ్చినప్పుడల్లా బిగుస్తోంది. పైకి రాలేకపోయాడు. మా ఇంటాయన దిగి, కాలి దగ్గర వల కోసి, జుట్టు పట్టుకుని లాగాడు. చీలమండ చుట్టూ ఎముక కనపడేలా కోసుకుపోయింది. ఇప్పటికీ ఆ మచ్చ కడియంలా ఉంది. వాడు బతికాడు. ఆ తర్వాత నాలుగు నెలలు వేటకి పోలేదు, ఇప్పటికీ నీళ్ళలో దిగమంటే దిగడు.

బోటు ఒడ్డుకొచ్చాక ఫ్యానుకి చుట్టుకున్న ఆ వల ముద్దని ఇసుకలో పడేశారు. ఆడవాళ్ళం తిట్టుకుంటూ చుట్టూ చేరాం. ఏ ఊరి వాళ్ళదో, ఏ పెద్ద బోటు వాళ్ళదో అని. నేను బెండు పట్టుకుని చూస్తే దానికి ఒక గుడ్డ పేలిక కట్టి ఉంది. మా ఊళ్ళో ఎవరి వల వాళ్ళు గుర్తు పట్టడానికి బెండ్లకి పాత చీర పేలికలు కట్టుకుంటారు. అది వంగపండు రంగు, పసుపు అంచు. అంతకుముందు ఏడాది మార్చి 8న మహిళా దినోత్సవానికి మా సంఘం పది మందిమీ ఒకే రంగు చీరలు కొనుక్కున్నాం. ఆ రంగే.

పది చీరలు, పది ఇళ్ళు. నా చీర పెట్టెలో ఉంది. ఎవరిదో నాకు వెంటనే అర్థమైపోయింది.

కోపంతో ఊగిపోతూ వాళ్ళింటికి పోయాను. "మీ వలే మా మరిది పీకకి చుట్టుకునేది" అన్నాను. నోటికొచ్చినవన్నీ అన్నాను. ఆమె ఏడవలేదు. "వల పోనాది అక్కా, దీపావళి ముందరే పోనాది. ఎక్కడ పోనాదో కూడా ఆయనకి ఎరుకే. సెప్తే తర్వాత అప్పు ఇయ్యవని సెప్పలేదు" అంది.

నాకు నోట మాట రాలేదు.

ఆలోచించండి. ఆ ఇంటాయనకి వల పోయిన చోటు తెలుసు. ఆ రోజే చెప్పి ఉంటే నాలుగు బోట్లు పోయి వెతికేవి. సగమైనా దొరికేది. దొరక్కపోయినా ఫలానా చోట వల ఉంది, జాగ్రత్త అని మిగతా బోట్లకి తెలిసేది. చెప్పలేదు. మగాడికి వల పోయిందని చెప్పడం నామోషీ. ఆడదానికి కంతు భయం. ఆ భయం పెట్టింది నేను. పెట్టినందుకు శాలువా కప్పించుకున్నాను.

వాళ్ళు మూడు నెలలుగా ఆ వల అప్పు కడుతున్నారు. ఆ వల మూడు నెలలుగా ఎవరికీ కాని వేట చేస్తోంది. ఆ చేప వాళ్ళకీ రాలేదు, మాకూ రాలేదు.

తర్వాతి మీటింగులో నేను ముందు క్షమాపణ అడిగాను. నా మీద కూడా జరిమానా రాయమన్నాను. ఎవరూ ఒప్పుకోలేదు. మా అత్త వయసు ఉన్న ఒకామె, సంతకం కూడా పెట్టలేనామె, "జరిమానా కాదు గానీ, పోయిన వలలకో పుస్తకం ఎట్టు" అంది. ఆలోచన ఆమెది. పేరు నాకొచ్చింది. అది కూడా ఇక్కడే సరిచేసుకుంటున్నాను.

అలా మొదలైంది పోయిన వలల పుస్తకం. తీర్మానం పుస్తకం లాంటిదే, రెండు వందల పేజీలది. అందులో ఏం రాస్తామంటే, ఏ రోజు పోయింది, ఎన్ని ముక్కలు, ఏ రకం వల, ఏ రంగు పేలిక, ఎక్కడ పోయింది. ఎక్కడ అనేది ముఖ్యం. జీపీఎస్ ఉన్న బోటు వాళ్ళు అంకెలు చెప్తారు. లేనివాళ్ళు ఆనవాలు చెప్తారు. ఫలానా కొండ కొస, గుడి గోపురం ఒక వరసలో కనపడే చోట, ఇన్ని బారల లోతు, అని. ముసలాళ్ళ ఆనవాళ్ళు జీపీఎస్ కన్నా తక్కువేం కాదు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

పుస్తకానికి మూడు కట్టుబాట్లు పెట్టుకున్నాం. పోయిన రెండు రోజుల్లో చెప్పాలి. చెప్పినవాళ్ళకి మూడు నెలలు కంతులో అసలు వాయిదా, వడ్డీ మాత్రమే కడితే చాలు. బ్యాంకుకి కట్టాల్సిన ఆ తేడా మా అంతర్గత పొదుపు నుంచి సర్దుతాం. చెప్పకుండా దాచి, తర్వాత బయటపడితే ఆ సౌకర్యం లేదు. అంతే. జరిమానా లేదు, పేరు చదవడం లేదు.

మొదటి నెల ఒక్కరూ రాలేదు. ఆ పుస్తకం మా ఇంట్లో ఖాళీగా పడుంది. మగవాళ్ళు నవ్వారు, "సముద్రానికి రికార్డు రాస్తారంట" అని. రెండో నెలలో ఒకామె రాత్రి తొమ్మిదింటికి చీర కొంగు తల మీద వేసుకుని దొడ్డి దారిన వచ్చింది, దొంగతనానికొచ్చినట్టు. మొదటి పేరు ఆమెదే. ఆ తర్వాత పాత సంగతులు కూడా బయటకొచ్చాయి. నాలుగేళ్ళ కిందట పోయినవి, ఏడేళ్ళ కిందట పోయినవి. ముసలాళ్ళు ఒడ్డున కూర్చుని చెప్తుంటే మా అమ్మాయి రాసింది. ఏప్రిల్ వచ్చేసరికి పుస్తకంలో పంతొమ్మిది చోట్లు ఉన్నాయి. చూస్తే అందులో ఎనిమిది చోట్లు ఒకే రాళ్ళ గుంపు చుట్టూ. అంటే మా మగవాళ్ళందరూ అక్కడికే పోతున్నారు, అందరి వలలూ అక్కడే పోతున్నాయి, ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

తీయడం ఎలా చేశారో చెప్తాను. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవలకి, ఇంజను బోట్లకి వేట నిషేధం. నిషేధంలో బోటు కదిలితే అనుమానం. అందుకని మత్స్యశాఖ వాళ్ళకి ముందే రాసిచ్చి, నిషేధానికి ముందు పది రోజుల్లో పని పెట్టుకున్నాం. అప్పుడు గాలి తక్కువ, నీరు తేటగా ఉంటుంది. నాలుగు కొక్కేల లంగరుకి పొడవైన తాడు కట్టి, పుస్తకంలో రాసిన చోట బోటు నెమ్మదిగా నడుపుతూ అడుగున ఈడుస్తారు. వల తగిలితే తాడు బిగుస్తుంది. అప్పుడు ఇంజను ఆపి చేత్తో లాగాలి. ఇంజనుతో లాగితే బోటు ఒరిగిపోతుంది. రెండు బోట్లు కలిసి పోవాలి, ఒక్క బోటు పోకూడదు. లాగేవాడి నడుముకి కత్తి ఉండాలి. లంగరు తాడు చుట్టలో ఎవరూ కాలు పెట్టకూడదు. ఇది మా మరిది చెప్పిన మాట. అందుకని ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఒకటి గట్టిగా చెప్తున్నాను. ఊపిరి బిగబట్టి దిగి వల కోయడం మా కట్టుబాట్లలో లేదు. మా కుర్రాళ్ళు కొందరు మేము దిగుతాం అన్నారు. వాళ్ళ అమ్మలు వద్దన్నారు. నీళ్ళ కింద వల కనపడదు, కదులుతుంది. రుషికొండ దగ్గర విశాఖపట్నం డైవర్లు గాలి సిలిండర్లు కట్టుకుని దిగి ఇలాంటి వలలు కోసి తీశారు. అది నేర్చుకున్నవాళ్ళ పని. రాళ్ళకి గట్టిగా పట్టుకుని, మీద గుల్లలూ నాచూ పెరిగిపోయిన వలల్ని కూడా మేము పీకలేదు. బలంగా పీకితే రాయి మీద బతికే జీవాలు కూడా ఊడిపోతాయి. అలాంటివి మూడు చోట్లు పుస్తకంలో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాం. డైవర్లు వచ్చే రోజు వస్తే వాళ్ళు కోస్తారు.

మొదటి ఏడాది ఆరు రోజులు పోయారు. పంతొమ్మిది చోట్లలో ఏడు చోట్ల దొరికింది. ఒడ్డుకి తెచ్చాక ఆ వాసన నేను చెప్పలేను. కుళ్ళిన పీతలు, ఎముకలు, పగిలిన తాబేలు చిప్ప ఒకటి. ఇంకా బతికి ఉన్న పీతలు పద్నాలుగు. వాటిని పిల్లలు విడిపించి వదిలారు. ఒకదాన్ని వదలకుండా ఇంటికి పట్టుకెళ్ళారని తర్వాత తెలిసింది. పోనీయండి.

ఒడ్డున పని మాది, ఆడవాళ్ళది. ఇసుక దులపడం, కడగడం, గుళ్ళు విడదీయడం, బెండ్లు విడదీయడం, తాళ్ళు వేరు చేయడం. రకాలు కలిపేస్తే ఎవరూ కొనరు. దీనికి ఒక సులువు ఉంది. చిన్న ముక్క కోసి బకెట్ నీళ్ళలో ముంచి, బుడగలు పోయేలా పిండి వదలాలి. నైలాన్ అయితే మునుగుతుంది. ట్రాలు వలల పచ్చ దారం, ప్లాస్టిక్ తాడు తేలుతాయి. చదువు లేనివాళ్ళు కూడా తప్పు లేకుండా వేరు చేస్తారు. సీసం గుళ్ళు మళ్ళీ వాడుకోవచ్చు. కానీ వాటిని పొయ్యి మీద కరిగించకండి. మా ఊళ్ళో వంట గిన్నెలో కరిగించేవాళ్ళు ఉండేవారు. ఆ పొగ విషం, పిల్లలకి మరీ చెడ్డది. గుళ్ళు గుళ్ళుగానే ఎవరికి కావాలో వాళ్ళకి ఇచ్చేశాం.

డబ్బు సంగతి దాచను. పాత ఇనుప సామాన్ల కొట్టువాడు మొదట చూడగానే వద్దన్నాడు. ఇసుక ఉంది, గుల్లలు ఉన్నాయి అన్నాడు. రెండుసార్లు కడిగాక తీసుకున్నాడు. వచ్చిన డబ్బు డీజిలు ఖర్చులో సగానికి కూడా రాలేదు. మిగతాది గ్రామ సంఘం ఇచ్చింది. అందుకని ఇది ఆదాయం వచ్చే పని అని మీకు నేను చెప్పను. చెప్పేవాళ్ళు ఉంటారు, నమ్మి అప్పు చేయకండి. బాగున్న ముక్కలు కొన్ని పెరటి కంచెలకి, కోళ్ళ గూళ్ళ మీదకి వాడుకున్నాం. కంచెకి వాడితే నేలకి జానెడు పైన కట్టండి. లేకపోతే పాములు చిక్కుకుంటాయి, వాటిని విడిపించడానికి మళ్ళీ మనమే పోవాలి.

వేరే చోట్ల ఇది ఇంకా బాగా చేశారు. కేరళలో కొల్లం దగ్గర నీండకర హార్బరులో 2017లో శుచిత్వ సాగరం అని మొదలుపెట్టారు. వేటకి పోయే బోట్లకి సంచులిచ్చారు. వలలో చేపతో పాటు పడే ప్లాస్టిక్కుని, వల ముక్కల్ని మళ్ళీ నీళ్ళలోకి విసరకుండా సంచిలో వేసి ఒడ్డుకి తెస్తారు. మత్స్యకార కుటుంబాల ఆడవాళ్ళే అక్కడ కడిగి, వేరు చేస్తారు. దాన్ని ముక్కలు చేసి రోడ్డు తారులో కలిపారు. వాళ్ళకి అది జీతం ఉన్న పని. నాకు నచ్చింది అదే. మనం పుణ్యానికి చేస్తున్నాం, వాళ్ళు కూలికి చేస్తున్నారు.

ఫిలిప్పీన్స్ అనే దేశంలో, బోహోల్ దీవి దగ్గర 2012లో ఇంకో పని మొదలైంది. అక్కడి మత్స్యకార ఊళ్ళలో పాత నైలాన్ వలలు పోగుచేసి అమ్మారు. వాటిని కరిగించి కొత్త నూలు తీసి తివాచీలు నేశారు. ఆ అమ్మకం నడిపింది ఎవరనుకున్నారు? మనలాంటి పొదుపు సంఘాల ద్వారానే. అది విన్నప్పుడు నాకు చాలా ధైర్యం వచ్చింది. వాళ్ళు ఎక్కడో, మనం ఎక్కడో. పొదుపు పుస్తకం మాత్రం ఒకటే.

2018లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థలో దేశాలు కూర్చుని, వలలకి యజమాని గుర్తు వేసుకోవాలని మార్గదర్శకాలు ఒప్పుకున్నాయట. మేడమ్ అది చెప్తుంటే మా సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చీర పేలికతో ఆ పని మేము ఎప్పటి నుంచో చేస్తున్నాం కదా అని. కాకపోతే పేలిక రెండేళ్ళకి చివికిపోతుంది. ఇప్పుడు బెండు మీద కాల్చిన కడ్డీతో బోటు నంబరు కూడా వేస్తున్నాం.

సమాఖ్యని నేను అడిగేది పెద్దది కాదు. తీరంలో ఉన్న మన గ్రామ సంఘాలన్నిటిలో ఈ పుస్తకం ఒకటి పెట్టించండి. ఎందుకంటే మా దగ్గర పోయిన వల మీ ఊరి దగ్గర తేలుతుంది, మీది మా దగ్గర తేలుతుంది. నీటి వాలు ఎటుంటే అటు. పుస్తకాలు నెలకోసారి ఒకరివి ఒకరు చూసుకోవాలి. రెండోది, వల పోయినవాళ్ళకి మూడు నెలల వాయిదా అనేది మా ఒక్క సంఘం పొదుపు మీద మోయలేం. పోయిన ఏడాది ఇద్దరికి ఒకేసారి ఇవ్వాల్సి వచ్చింది, పెట్టెలో డబ్బు అడుగంటింది. సమాఖ్య నిధి నుంచి కొంత పక్కన పెడితే బాగుంటుంది. ఏపీఎం గారు రాసుకుంటున్నారు, చూస్తున్నాను. మూడోది, బోట్లు కట్టే చోట చిరిగిన వల ముక్కలు వేయడానికి నాలుగు కర్రలు పాతి, మీద తాటాకు కప్పిన చిన్న పాక. ఒడ్డున వేసే చోటు ఉంటేనే నీళ్ళలో వేయకు అని మగవాళ్ళని అడగగలం. ఇంతకుముందు మేము అరిచేవాళ్ళం, వాళ్ళు "మరి ఎక్కడెయ్యమంటావు" అనేవాళ్ళు. మా దగ్గర జవాబు లేదు.

కిందటి ఏడాది రెండోసారి తీసినప్పుడు పదకొండు చోట్లు వెతికితే ఆరు చోట్ల దొరికింది. ఈ ఏడాది ఇంకా మొదలుపెట్టలేదు. ఆ రాళ్ళ గుంపు దగ్గర వల వేయడం మా ఊరి వాళ్ళు కొందరు మానేశారు, అందరూ మానలేదు. అక్కడ కోనెం బాగా పడుతుంది మరి.

ఆ సభ్యురాలి చెవి కమ్మలు విడిపించడానికి సంఘం నుంచే చిన్న అప్పు ఇచ్చాం. ఇవాళ పెట్టుకునే వచ్చింది.

పుస్తకం తెచ్చాను. బయట బల్ల మీద పెడతాను, భోజనాల దగ్గర చూడండి. తీర గ్రామాల వీవోఏ అక్కలు గీతలు ఎలా గీశామో చూసి రాసుకోండి. చివరి పేజీలో కిందటి శనివారం రాసిన పేరు ఉంటుంది. అది మా ఇంటాయనదే. నాలుగు ముక్కలు పోయాయి. పుస్తకం పెట్టింది నా ఇంట్లో, అయినా నాకు చెప్పడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. గడువు రెండు రోజులే కాబట్టి వాయిదా వచ్చింది, లేకపోతే రాసేదాన్ని కాదు. ఏప్రిల్ 15 లోపు నీరు తేటగా ఉన్న రోజు చూసుకుని రెండు బోట్లు పోతాయి.